కొత్తగా కొండెక్కేవాళ్లకు: పర్వత సైనికుల నుంచి వచ్చిన సామాను ఎంచుకోవడం, వాడటం ఎలా

రాక్ క్లైంబింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు సామాను గురించే అడుగుతారు. ఏ తాడు కొనాలి, కారబైనర్ (తాడు తగిలించే, గేటు తెరిచి మూసే లోహపు కొక్కెం) మీద ఆ అంకెలేంటి, బూట్లు ఎలాంటివి తీసుకోవాలి అని. అవన్నీ చెప్తాను. కాకపోతే ఒక వస్తువు అలా ఎందుకు తయారైందో తెలియకపోతే దాన్ని తప్పుగా వాడేస్తాం, కాబట్టి ఆ సంగతి కూడా కలిపే చెప్తాను. అందులో చాలా భాగం రెండు ప్రపంచ యుద్ధాల్లోనే ఉంది.

యుద్ధాలకు ముందు నిటారు గోడలెక్కేవాళ్లు చాలా కొద్దిమంది, అదీ ఏళ్ల తరబడి ఎక్కి చేయి తిరిగినవాళ్లు. వాళ్ల మొదటి నియమం, ముందు వెళ్లే లీడర్ పడకూడదు. ఎందుకంటే పడితే అప్పటి తాడు తెగేది, లేకపోతే ఆపేవాణ్ణి కూడా లాక్కుపోయేది. 1941 నవంబరులో అమెరికా సైన్యం ఫోర్ట్ లూయిస్‌లో 87వ పర్వత పదాతి బెటాలియన్‌ను మొదలుపెట్టి, మరుసటి ఏడాది కొలరాడోలో 9,200 అడుగుల ఎత్తున క్యాంప్ హేల్ కట్టి వేలమందిని అక్కడ దింపినప్పుడు ఈ నియమం చాల్లేదు. నేషనల్ స్కీ పెట్రోల్ అనే పౌర సంస్థ ద్వారా స్కీయింగ్ వచ్చినవాళ్లను ఏరి తీసుకున్నా సరే, రాయి మీద ఎప్పుడూ చెయ్యి పెట్టనివాళ్లు బోలెడుమంది వచ్చారు. వాళ్లకు తక్కువ కాలంలో నేర్పాలి, మోయలేనంత బరువు వీపున పెట్టి చీకట్లో కూడా ఎక్కించాలి. అంతమందిలో ఎవరో ఒకరు పడి తీరతారు. ఆ లెక్క వేసుకునే సామాను చేయాల్సి వచ్చింది, ఆ లెక్కతోనే నేర్పాల్సి వచ్చింది.

అందుకే ఈనాటి సామాను మహామహుల కోసం కాదు, కొత్తవాళ్ల కోసం పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. మీరూ అలాగే వాడండి, పడతామనే అనుకుని ప్రతి ముడీ వేయండి.

తాడు

అప్పట్లో మంచి తాడంటే మనీలా తాడు. ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా అనే మొక్క నారతో పేనేవాళ్లు, అది మన అరటి జాతిదే. 1942లో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోవడంతో ఆ నార రావడం ఆగిపోయింది. డ్యూపాంట్ కంపెనీ 1938లో ప్రకటించిన నైలాన్ అప్పటిదాకా ఎక్కువగా ఆడవాళ్ల మేజోళ్లకు పోయేది, యుద్ధం రాగానే పారాచూట్లకూ తాళ్లకూ మళ్లింది. సైన్యానికి సామాను సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ విభాగంలో అప్పుడు రిచర్డ్ లియొనార్డ్, బెస్టర్ రాబిన్సన్ లాంటి కాలిఫోర్నియా క్లైంబర్లు పనిచేస్తున్నారు. లియొనార్డ్, ఆయన మిత్రులు 1930లలోనే బర్కిలీలో చిన్న చిన్న బండల మీద కావాలని పడుతూ, పడినవాణ్ణి ఆపడం సాధన చేసినవాళ్లు. పడటాన్ని సిగ్గుపడే విషయంగా కాకుండా నేర్చుకోవాల్సిన విషయంగా చూసిన మనుషుల చేతికి నైలాన్ వచ్చిందన్నమాట, అది మనందరి అదృష్టం.

నైలాన్ గొప్పతనం బలం ఒక్కటే కాదు, సాగుతుంది. మనీలా తాడు పెద్దగా సాగదు, పడినవాడి వేగమంతా ఒక్క కుదుపులో వాడి నడుము మీదా, పట్టుకున్నవాడి మీదా, గోడలో దిగ్గొట్టిన మేకు మీదా పడుతుంది. సాగే తాడు ఆ కుదుపును కాస్త సేపు మీద పంచుతుంది. బస్సు గోడకు గుద్దుకుని ఆగడానికీ బ్రేకు మీద ఆగడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది లేబుల్ మీద డైనమిక్ అని ఉందా లేదా. స్టాటిక్ అని ఉంటే అది దాదాపు సాగదు, కిందికి దిగడానికీ బరువులు లాగడానికీ బాగుంటుంది గానీ దాన్ని కట్టుకుని లీడ్ చేయకూడదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు చూడ్డానికి ఎంత లావుగా, గట్టిగా ఉన్నా దీనికి పనికిరాదు, అది బరువు కట్టడానికి చేసింది, పడే మనిషిని ఆపడానికి కాదు. ఒంటి తాడుగా వాడే రోప్ చివర ఒక సున్నాలో 1 అంకె ఉంటుంది, అది ఉన్నదే తీసుకోండి. యుద్ధకాలపు నైలాన్ తాడు 7/16 అంగుళం లావు, అంటే సుమారు 11 మిల్లీమీటర్లు. ఇప్పుడు కొత్తవాళ్లకు 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కలది సరిపోతుంది. మరీ సన్నవి చేతిలో జారతాయి, త్వరగా అరుగుతాయి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. యూఐఏఏ, అంటే అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య, గుర్తు ఉంటే ఆ తాడు రకాన్ని 80 కిలోల బరువుతో వరుసగా కనీసం అయిదు పెద్ద పడిపోతలు పడేసి పరీక్షించారని, మొదటి పడిపోతలో కుదుపు 12 కిలోన్యూటన్లు దాటలేదని అర్థం. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు వేసే లాగుడు.

యుద్ధం తర్వాత అమెరికాలో సైన్యం మిగుల్చుకున్న తాళ్లు, కారబైనర్లు, పిటాన్లు (గోడలో దిగ్గొట్టే మేకులు) దుకాణాల్లో చవగ్గా అమ్మేశారు. డబ్బులేని కాలేజీ కుర్రాళ్లు ఎంతోమంది వాటితోనే క్లైంబింగ్ మొదలుపెట్టారు. అది చదివి మీరు పాత తాడు కొనకండి. వాడిన తాడు ఎవరిచ్చినా, ఎంత నమ్మకస్తులిచ్చినా వద్దు, దాని మీద ఎన్నిసార్లు ఎవరు పడ్డారో, ఏ ఎండలో ఆరేశారో తాడును చూస్తే తెలియదు.

ఇంకో కారణం కూడా ఉంది. సైనికుల తాడు మూడు పాయలు పేనిన తాడు, ఎక్కడ దెబ్బతిన్నా కంటికి కనబడేది. 1953లో జర్మనీకి చెందిన ఎడెల్రిడ్ కంపెనీ తెచ్చిన రకం వేరు, లోపల బరువు మోసే దారాలు, వాటిపైన అల్లిన తొడుగు. ఇప్పుడన్నీ ఇవే. తొడుగు బాగానే ఉండి లోపల దెబ్బతిని ఉండొచ్చు, కాబట్టి కళ్లతో చూడటం చాలదు, చేత్తో తడమాలి. నేల మీద శుభ్రమైన గుడ్డ పరిచి కూర్చోండి. తాడు ఒక చివర నుంచి మొదలుపెట్టి, చేతికి వచ్చిన ప్రతి జానెడు ముక్కనూ రెండు చేతుల మధ్య వంచండి. ఆరోగ్యంగా ఉన్న తాడు గుండ్రంగా, ఒకే తీరుగా వంగుతుంది. ఎక్కడైనా చటుక్కున సూదిగా మడిచినట్టు వంగినా, వేళ్ల కింద మెత్తగా బోలుగా తగిలినా, గడ్డకట్టినట్టు అనిపించినా, తొడుగు చిరిగి తెల్ల దారాలు బయటికొచ్చినా అక్కడ లోపల ఏదో అయిందని లెక్క. ఆ చోటు చివరకు దగ్గరగా ఉంటే కోసేసి పొట్టి తాడుగా వాడుకోవచ్చు, మధ్యలో ఉంటే ఆ తాడు పని అయిపోయినట్టే. తొందరపడకండి, 60 మీటర్ల తాడును ఇలా చూడటానికి సమయం పడుతుంది, పట్టనివ్వండి.

నైలాన్‌కు శత్రువులు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ యాసిడ్ దాన్ని తినేస్తుంది, అందుకని తాడును ఇన్వర్టర్ పక్కనో, పాత బ్యాటరీ పెట్టిన డిక్కీలోనో ఉంచకండి. యాసిడ్ పడిన చోట కంటికి ఏమీ కనబడకపోవచ్చు కూడా. మన ఎండలు కూడా మంచివి కావు, ఉతికాక నీడలోనే ఆరబెట్టాలి. అన్నిటికన్నా ప్రమాదం నైలాన్ మీద నైలాన్ పరుగెత్తడం. కదులుతున్న తాడును నేరుగా టేపు స్లింగ్‌లోంచి, అంటే ఉచ్చులా కుట్టిన నైలాన్ పట్టీలోంచి, పోనిస్తే ఆ రాపిడి వేడికి స్లింగ్ కరిగి తెగుతుంది, మధ్యలో కారబైనర్ ఉండి తీరాలి. అసలు వాడకపోయినా పదేళ్లు దాటితే పక్కన పెట్టేయమని తయారీదారులే చెబుతారు.

పడినవాణ్ణి ఆపడం

బిలే అంటే పైకెక్కేవాడి తాడును కింద ఇంకొకరు పట్టుకుని ఉండటం. సైనికులకు నేర్పినది నడుము చుట్టూ తాడు తిప్పుకుని పట్టుకునే పద్ధతి. లియొనార్డ్ వాళ్లు దానికి ఒక చిన్న విషయం చేర్చారు: పడగానే గట్టిగా బిగించేయకుండా తాడును కొంచెం జారనిచ్చి, తర్వాత ఆపాలి. ఆయనా, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన అర్నాల్డ్ వెక్స్‌లర్ అనే ఇంజనీరూ 1946లో దీని గురించి రాశారు, 1950లో వెక్స్‌లర్ ఆ లెక్కలన్నీ వివరంగా ప్రచురించాడు. ఇవాళ ప్రపంచంలో ఏ క్లైంబింగ్ క్లాసుకు వెళ్లినా చెప్పే లెక్క అక్కడిదే. కుదుపు ఎంత బలంగా ఉంటుందనేది ఎంత ఎత్తు నుంచి పడ్డారన్నదాన్ని బట్టి ఒక్కటే కాదు, ఆ పడటాన్ని ఎంత పొడవు తాడు మోసిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. రెండు మీటర్ల తాడు మీద నాలుగు మీటర్లు పడితే అది మహా దారుణమైన కుదుపు, అదే నాలుగు మీటర్లు ఇరవై మీటర్ల తాడు మీద పడితే ఏదో ఊగినట్టుంటుంది.

దీన్నుంచి మీరు చేయాల్సింది ఏంటంటే, గోడ మొదట్లో గానీ మధ్యలో ఆగిన చోటు నుంచి మళ్లీ బయల్దేరేటప్పుడు గానీ మొదటి కారబైనర్‌ను వీలైనంత తొందరగా గోడకు తగిలించి తాడును అందులో వేయండి, ఎందుకంటే అప్పుడే తాడు పొట్టిగా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ భయం పెరుగుతుంది గానీ తాడు పరంగా చూస్తే మొదటి కొన్ని మీటర్లే ఎక్కువ ప్రమాదం. చాలామంది ఇక్కడే నిర్లక్ష్యం చేస్తారు.

ఇప్పుడు బిలే డివైస్‌లు, అంటే తాడును బిగించి ఆపే చిన్న పరికరాలు, వచ్చాయి, నడుముకు తిప్పుకునే పని లేదు. అయినా కింది చెయ్యి, అంటే బ్రేక్ పట్టుకున్న చెయ్యి, ఏం జరిగినా తాడును వదలకూడదు. ఫోను మోగినా, కంట్లో దుమ్ము పడినా అంతే. పైవాడు పడినప్పుడు మీరు తాడుతోపాటు ఒక్క అడుగు పైకి లేస్తే వాడికి మెత్తగా ఆగుతుంది, లియొనార్డ్ వాళ్లు తాడు జారనిచ్చినది కూడా ఇందుకే. అయితే పైవాడు ఇంకా నేలకు దగ్గరగా ఉంటే ఇలా చేయకండి, వాడు కిందికొచ్చి తగులుతాడు. ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు చూసుకోండి: ఫిగర్ ఎయిట్ ముడి సరిగ్గా పడిందా, హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీ) బకిల్ వెనక్కి తిప్పి బిగించారా, కారబైనర్ లాక్ అయిందా. కళ్లతో చూసి ఊరుకోకుండా చేత్తో లాగి చూడండి. ఎంత అనుభవమున్న జంట అయినా ప్రతిసారీ చేసే పని ఇది.

కారబైనర్, పిటాన్

మ్యూనిక్‌కు చెందిన ఓటో హెర్జోగ్ 1910 ప్రాంతంలో అగ్నిమాపక దళం కొక్కేలను చూసి గోడలెక్కడానికి కారబైనర్ వాడటం మొదలుపెట్టాడంటారు. చాలాకాలం అవి ఉక్కువే. పదులకొద్దీ నడుముకు తగిలించుకుంటే ఆ బరువుకే అలిసిపోతారు. ఫ్రాన్స్‌లో పియర్ అల్లాన్, అమెరికాలో సైన్యం కోసం పనిచేసినవాళ్లు ఆ కాలంలోనే అల్యూమినియం కారబైనర్ల మీద పడ్డారు. 1939లో న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌ను మొదటిసారి ఎక్కిన నలుగురిలో ఒకరైన రఫీ బెడైన్ యుద్ధం తర్వాత వాటిని తయారుచేసి మామూలు క్లైంబర్లకు అమ్మాడు, బరువు సుమారు సగానికి దిగింది.

మీ కారబైనర్ వెన్ను మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి, అది ఎన్ని కిలోన్యూటన్ల లాగుడు తట్టుకుంటుందో చెప్పేవి. పొడవు దిశలో బాణం పక్కన 24 అనో 22 అనో ఉంటుంది, మామూలు రకానికి అది 20కి తగ్గకూడదు. అడ్డం బాణం పక్కన 7, 8 లాంటి అంకె, గేటు తెరిచిన బొమ్మ పక్కన కూడా దాదాపు అంతే. అంటే గేటు తెరుచుకుపోయినా, అడ్డంగా తిరిగి లాగినా బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే తగిలించాక ఒకసారి చూడండి, బరువు వెన్ను వైపు పడుతోందా, గేటు రాతి అంచుకు ఆనుకోకుండా ఉందా అని. గేటు నొక్కి వదిలితే టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తే దుమ్ము పట్టిందని అర్థం, గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టి చూడండి, అప్పటికీ అంతే అయితే తాళాలు తగిలించుకోవడానికి వాడుకోండి. తాడు రాసుకునే చోట పల్లం పడి అంచు పదునుగా తగిలితే అది మీ తాడును కోస్తుంది, పక్కన పడేయండి.

పిటాన్లు, అంటే పగుళ్లలో సుత్తితో దిగ్గొట్టే మేకులు, కొత్తవాళ్లకు అక్కర్లేదు. కానీ ఎక్కడైనా పాతవి కనిపిస్తే వాటిని నమ్మకండి. వెస్ట్ వర్జీనియాలోని సెనెకా రాక్స్‌లో 1943, 44లలో సైనికులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఎన్ని దిగ్గొట్టారంటే ఒక గోడకు వెయ్యి పిటాన్ల గోడ అనే పేరే పడిపోయింది. అంతకాలం వానకూ మంచుకూ నానిన మెత్తటి ఇనుము పైకి బాగున్నట్టు కనిపించినా రాతి లోపల ఏ స్థితిలో ఉందో బయటికి తెలియదు.

ఇనుప తీగ దారులు

యూరప్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది వారాంతాల్లో ఇటలీ డోలమైట్స్‌కు వెళ్తుంటారు, అక్కడి వయా ఫెర్రాటాలు చూసి ఇదేదో మెట్లెక్కినట్టే ఉందనుకుంటారు. గోడ పొడవునా ఇనుప తీగ, అక్కడక్కడా నిచ్చెనలు. 1915 నుంచి 1917 దాకా ఇటలీ పర్వత సైనికులైన ఆల్పీని దళాలు, ఆస్ట్రియా-హంగేరీ సైనికులు ఈ శిఖరాల మీదే ఎదురెదురుగా పోరాడారు. తిండి, మందుగుండు, గాయపడ్డవాళ్లు, అన్నీ ఈ గోడల మీదుగానే మోయాలి కాబట్టి తీగలు, తాళ్లు, నిచ్చెనలు బిగించుకున్నారు. లగాజువాయ్ కొండ లోపల తవ్విన సొరంగాల్లో ఇప్పుడు హెల్మెట్, హెడ్‌ల్యాంప్ పెట్టుకుని నడవొచ్చు. మార్మోలాడా దగ్గర 1916 డిసెంబరు 13న విరిగిపడిన మంచుచరియ కింద వందలమంది సైనికులు చనిపోయారు. ఆ కొండల్లో శత్రువు తూటాలతోపాటు మంచూ, చలీ కూడా ఎంతోమందిని చంపాయి. మీరు పట్టుకునే తీగ ఇప్పటిది, కొత్తగా బిగించింది, కానీ చాలాచోట్ల దారి మాత్రం వాళ్లదే. కాస్త గౌరవంతో నడవండి.

ఇక జాగ్రత్త విషయానికొస్తే, ఇక్కడ మామూలు స్లింగ్‌తో తగిలించుకోవడం చాలా ప్రమాదం. తీగను రాతికి బిగించిన మేకుల మధ్య దూరం ఎక్కువుంటుంది, మీరు జారితే కింది మేకు దాకా పడిపోయి, మీటరు పొడవు కూడా లేని స్లింగ్ మీద ఆగుతారు, ఆ కుదుపు పైన చెప్పినట్టు రెండు మీటర్ల తాడు మీద నాలుగు మీటర్లు పడటం కన్నా ఎంతో ఘోరం. కుదుపును మింగే పొట్లం కుట్టిన వయా ఫెర్రాటా సెట్టే వాడాలి, అది 40 నుంచి 120 కిలోల బరువున్నవాళ్లకు చేసింది, పిల్లలను తీసుకెళ్తే ముందే అక్కడి గైడ్‌ను అడగండి. మేకు దగ్గరికి రాగానే ఒక కారబైనర్ తీసి అవతల తగిలించి, తర్వాతే రెండోది తీయండి. రెండూ ఒకేసారి చేతిలో ఉండకూడదు. రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలి, లేదంటే పైవాడు పడి కిందవాణ్ణి కూడా తీసుకుపోతాడు. ఉరుములు వినబడితే ఇనుప తీగ మీద ఉండకూడదు, వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములు మామూలే కాబట్టి తెల్లారగానే బయల్దేరండి.

బట్టలు, బూట్లు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవాళ్లు ఒక పెద్ద మందపాటి కోటు కొనుక్కుని వెళ్తారు. నడిస్తే చెమట పట్టి లోపలంతా తడుస్తుంది, ఆగగానే ఆ తడి గడ్డకట్టినంత చల్లబడుతుంది. 1943లో అమెరికా సైన్యం తెచ్చిన ఎం-1943 దుస్తుల వెనక ఆలోచన ఇదే, ఒక్క బరువైన కోటు బదులు పలుచటి పొరలు, పైన గాలి చొరబడని జాకెట్. ఒంటికి తగిలేది ఊలు గానీ సింథటిక్ గానీ, నూలు బనియన్ వద్దు. నడక మొదలుపెట్టేముందు కాస్త చలిగా అనిపించేలా పొర తగ్గించుకోండి, ఆగిన వెంటనే వేసుకోండి.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను. ఒకప్పుడు అడుగున ఇనుప మేకులు కొట్టిన బూట్లు వేసుకునేవాళ్లు, వాటిలోంచి చలి నేరుగా కాలికి ఎక్కేది. ఇటలీకి చెందిన వితాలె బ్రమాని 1935లో కొండ మీద తన బృందంలో ఆరుగురిని పోగొట్టుకున్నాక గాళ్లు తీసిన రబ్బరు అడుగును తయారుచేశాడు, వైబ్రామ్ అని దాని మీద రాసి ఉండేది అదే. అమెరికా పర్వత సైనికుల బూట్లకూ రబ్బరు అడుగే వచ్చింది. ట్రెక్కింగ్‌కు అలాంటివి తీసుకోండి. రాతి గోడలకు మాత్రం నున్నటి అడుగున్న బిగుతైన రాక్ షూ వేరే కావాలి, మొదట్లో అద్దెకు దొరికితే చాలు.

ఎక్కడ నేర్చుకోవాలి

ఇంతా చేసి ఈ సామానును అసలు పరీక్షించింది యుద్ధమే. 1945 ఫిబ్రవరి 18 రాత్రి ఇటలీలోని రీవా రిడ్జ్‌ను, క్యాంప్ హేల్‌లో శిక్షణ పొందిన 10వ మౌంటెన్ డివిజన్ సైనికులు చీకట్లో, కొన్నిచోట్ల తాళ్లు బిగించుకుంటూ ఎక్కారు. అటువైపు నుంచి ఎవరూ ఎక్కలేరనుకుని జర్మన్లు అక్కడ కొద్దిమందినే పెట్టారు. ఆ కొన్ని నెలల పోరులో ఆ డివిజన్ దాదాపు 1,000 మందిని పోగొట్టుకుంది. ఆ డివిజన్‌లో పనిచేసిన పాల్ పెట్జోల్ట్ 1965లో నోల్స్ అనే ఆరుబయట శిక్షణ సంస్థ పెట్టాడు, తిరిగొచ్చినవాళ్లలో ఇంకా చాలామంది గురువులయ్యారు. బ్రిటన్‌లోనూ అంతే, యుద్ధకాలంలో స్కాట్లాండ్‌లోని బ్రేమర్‌లో కమాండోలకు పర్వత శిక్షణ ఇచ్చిన జాన్ హంటే 1953 ఎవరెస్ట్ బృందానికి నాయకుడు. ఆ విజయం తర్వాత 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ మేజర్ నరేంద్ర ధర్ జయాల్ అనే సైనికాధికారి, శిఖర శిక్షణ టెన్జింగ్ చూసుకున్నాడు.

2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమార్ ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో నేర్చుకున్నవాళ్లే. మీకూ నేను చెప్పే దారి అదే. ముందు భువనగిరిలో గానీ, మీ దగ్గర్లో అనుభవమున్న శిక్షకులు ఎక్కడుంటే అక్కడ గానీ పై నుంచి తాడు వేసిన గోడలెక్కండి, వాళ్ల సామానుతోనే. మొదట సొంతంగా కొనాల్సింది రాక్ షూ, హెల్మెట్, హార్నెస్, అంతే. తాడు చివర్లో కొనండి, దాన్ని చూసుకోవడం చేతికి అలవాటయ్యాక. తర్వాత డార్జిలింగ్‌లో గానీ ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టుకోండి. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి చాలా నెలల ముందే పెట్టాలి, సామాను వాళ్లే ఇస్తారు, వీపున బరువుతో నడవడం మాత్రం ఇంటి దగ్గరే మొదలుపెట్టి వెళ్లాలి.